మహాసంగ్రామము: స్మృతి, విస్మృతి

యుద్ధము ఎప్పుడు ముగిసినదో చెప్పుట సులభము. 1918వ సంవత్సరము నవంబరు 11వ తేదీ పగలు 11 గంటలకు ఐరోపా పశ్చిమ రంగమున ఫిరంగులు నిలిచిపోయినవి. కాని ఫిరంగులు నిలిచిన పిదప ఆయా సమాజములు ఎవరిని జ్ఞాపకముంచుకొన్నవి, ఎవరిని మరచినవి, ఎవరి గాయములకు మందు వెదకినవి, ఎవరిని వారి ఖర్మమునకు విడిచినవి అను ప్రశ్నలకు తేదీలు సమాధానము చెప్పజాలవు. 1914లో మొదలైన ఆ మహాసంగ్రామమును గూర్చి ఈనాడు మనము విచారింపదలచినది ఈ ప్రశ్నలనే.

ఆ యుద్ధమున 90 లక్షలకు మించిన సైనికులు మరణించిరి. గాయపడినవారు 2 కోట్లని అంచనా. ఇట్టి అంకెలు చెవికి పెద్దవేగాని మనస్సునకు పట్టవు. పూర్వయుద్ధములలో శత్రువు ఎదుట నిలిచి కనబడెడివాడు. ఈ యుద్ధమున మైళ్ల దూరమునుండి వచ్చిపడిన ఫిరంగి గుండు, కందకములోని మనిషిని ఆనవాలు చిక్కకుండ చేసిపోయెడిది. ఇంటికి వచ్చునది కొడుకు దేహము కాదు, ఒక కాగితము మాత్రమే. ఒక్కొక్కప్పుడు ఆ కాగితమున చనిపోయినాడను మాటయైన ఉండక, కనబడుట లేదను మాటయే ఉండెడిది.

మనిషిని ఇట్లు అంకెగా మార్చిన ఆ యుద్ధమే, ఒక్కొక్క మనిషిని పేరుపెట్టి లెక్కింపవలెనను పట్టుదలను కూడ పుట్టించినది. ఆ పట్టుదల శ్మశానములలో కనబడును, ఆసుపత్రులలో కనబడును, సాహిత్య శిల్పములలో కనబడును. అయితే ఆ లెక్క అందరి విషయమున ఒక్క తీరుగ సాగలేదు. మన దేశపువారి విషయమున ఈ మాట మరింత నిజము.

ముందుగా స్మృతి సంగతి చూతము. యుద్ధమున పడినవారిని తలచుకొనుట మానవజాతికి క్రొత్త కాదు. పల్నాటి యుద్ధము జరిగి ఎనిమిది శతాబ్దములు దాటినను, కారెంపూడిలో నేటికిని ఏటేట కార్తీకమాసమున వీరుల ఉత్సవము జరుగుచున్నది. వీరగల్లులు మన పల్లెల పొలిమేరలలో ఎన్నియో నిలిచియున్నవి. కాని సామాన్యముగ పాటలు నాయకులను పాడినవి, విగ్రహములు సేనాపతులకు లేచినవి. సామాన్య సైనికుడు ఐరోపాలో సైతము నూరుగురితో పాటు ఒకే గోతిలో మన్ను కప్పుకొనెడివాడు. అతని పేరు అతని ఊరు దాటి వినబడెడిది కాదు.

1914లో ఫ్రాన్సున రెడ్‌క్రాస్ వాహనదళమును నడుపుచున్న ఫేబియన్ వేర్ అను నతడు, సమాధులపై నాటిన కొయ్య గురుతులు వానకు, గుండ్లకు పాడైపోవుటను గమనించి, ఏ గోతిలో ఎవరున్నారో వ్రాసియుంచుట మొదలుపెట్టెను. ఆ చిన్న పనియే పెరిగి పెరిగి 1917లో సామ్రాజ్య యుద్ధసమాధుల సంఘముగ ఏర్పడినది. ఆ సంఘమునకు సలహాదారైన ఫ్రెడరిక్ కెన్యన్ 1918లో ఇచ్చిన నివేదికలోని ప్రధాన సూత్రము సమానత్వము. ధనికుడైనను పేదయైనను, సేనానియైనను సిపాయియైనను అందరికి ఒకే కొలత గల రాయి. ఎవరి దేహమును ఇంటికి తీసికొనిపోరాదు. తమ బిడ్డను తమ ఊరి మన్నులో పూడ్చుకొనుటకు హక్కు లేదా యని తల్లులెందరో విన్నపములు పంపిరి. 1920లో బ్రిటిషు పార్లమెంటున దీనిపై తీవ్రమైన చర్చ జరిగినది. తుదకు సంఘము మాటయే నెగ్గినది.

దేహమే దొరకనివారి మాట ఏమి? వారు లక్షలకొలదిగ నుండిరి. కవి రడ్యర్డ్ కిప్లింగ్ తన పలుకుబడితో సైన్యమున చేర్పించిన ఒక్కగానొక్క కొడుకు 1915లో లూస్ యుద్ధమున మాయమయ్యెను. తండ్రి బ్రతికియున్నంతకాలము ఆ బిడ్డ సమాధి ఎక్కడిదో తెలియలేదు. సమాధుల సంఘమునకు స్మారకశిలలపై వ్రాయదగిన మాటలు ఏర్చి ఇచ్చిన వాడును ఆ తండ్రియే. అట్టి జాడ తెలియని వారికొరకు పెద్ద గోడలు కట్టి పేర్లు చెక్కిరి. బెల్జియమున ఈప్ర్ పట్టణపు మెనిన్ ద్వారముపై సుమారు 54 వేల పేర్లున్నవి. ఫ్రాన్సున తియెప్వాల్ స్మారకముపై 72 వేలకు పైగా పేర్లున్నవి. 1920 నవంబరు 11న లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఒక అజ్ఞాత సైనికుని రాజుల సరసన సమాధి చేసిరి. అతడు ఎవరో తెలియదు గనుకనే ప్రతి తల్లియు అతడు తన బిడ్డయే కావచ్చునని అనుకొనుటకు వీలు కలిగినది. మనలో పితృకార్యము చేయువారు పేరు, గోత్రము చెప్పి నీరు విడుతురు. పేరు తెలియనిచో ఆ నీరు ఎవరికి చేరునను బెంగ మనకును తెలిసినదే. ఆ బెంగకు ఐరోపా వెదకికొన్న ఉపశాంతియే ఆ అజ్ఞాత సమాధి.

ఇక వైద్యము. ఫ్రాన్సు, బెల్జియము దేశములలో యుద్ధము జరిగిన నేలలు తరతరములుగ పశువుల ఎరువు వేసి పండించిన పొలములు. ఆ మన్ను గాయములో పడినచో మాంసము కుళ్లి, లోపల వాయువు పుట్టి, రెండు మూడు దినములలో ప్రాణము పోయెడిది. పైపైన మందు పోసి కట్టుకట్టుట చాలదని శస్త్రవైద్యులు త్వరలోనే గ్రహించి, చెడిన కండనంతయు కోసివేసి గాయమును తెరచియుంచు పద్ధతిని అవలంబించిరి. క్రిమిసంహారక ద్రవములు లోతైన గాయముల మూలలకు చేరవని బులోన్ ఆసుపత్రి ప్రయోగశాలలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ నిరూపించెను. 1928లో పెనిసిలిన్ గుణమును కనిపెట్టినవాడు ఇతడే. తొడ ఎముక విరిగినవారిని కదలకుండ మోసికొనిపోవుటకు థామస్ బద్ద వాడుకలోనికి వచ్చిన పిదప ఆ గాయముచే చచ్చువారి సంఖ్య మిక్కిలి తగ్గినది. మేరీ క్యూరీ పండితురాలు మోటారు బండ్లలో ఎక్స్‌రే యంత్రములమర్చి, తన కుమార్తె ఐరీన్‌తో కూడ యుద్ధరంగమునకు పోయి, గుండు ఎక్కడ దాగియున్నదో శస్త్రవైద్యునికి చూపెను. అమెరికా వైద్యుడు ఆస్వాల్డ్ రాబర్ట్‌సన్ 1917లో దాతల రక్తమును సీసాలలో పోసి మంచుపై నిలువచేసి, అవసరము వచ్చినపుడు ఎక్కించుట సాధ్యమని చూపెను. నేటి రక్తనిధులకు అదియే తొలి మెట్టు.

కందకమునుండి తల పైకెత్తినవానికి ముఖముననే గాయము. దవడ, ముక్కు, పెదవులు పోయి బ్రతికినవారిని చూచి కన్నబిడ్డలే జడిసెడివారు. న్యూజిలండున పుట్టిన హెరాల్డ్ గిల్లీస్ అను వైద్యుడు సిడ్‌కప్ పట్టణమున 1917లో తెరచిన ఆసుపత్రిలో ఇట్టివారు 5 వేలమందికి పైగా చికిత్స పొందిరి. అతడు నుదుటినుండి, రొమ్మునుండి చర్మమును దాని రక్తప్రసారము తెగకుండ త్రిప్పి ముఖమున అతికెడివాడు. ఈ విద్య మనకు దూరపుది కాదు. కోయబడిన ముక్కును మరల కట్టు విధానము సుశ్రుత సంహితలో కలదు. నుదుటి చర్మముతో ముక్కు కట్టు భారతీయ పద్ధతిని గూర్చి 1794లో లండను పత్రిక యొకటి ప్రకటించిన వృత్తాంతమే ఐరోపా శస్త్రవైద్యులకు ఈ విషయమున మార్గము చూపినది.

ఒడలి గాయము కంటికి కనబడును. మనస్సు గాయము కనబడదు. ఒంటిపై గీటైన లేకున్నను మాట పడిపోయినవారు, కాళ్లు చచ్చినవారు, నిద్రలో కేకలు వేయువారు వేలకొలదిగ ఆసుపత్రులకు వచ్చిరి. 1915లో చార్లెస్ మయర్స్ అను వైద్యుడు లాన్సెట్ పత్రికలో దీనిని షెల్ షాక్ అని పేర్కొనెను. కొన్నిచోట్ల వీరికి విద్యుత్తు తగిలించి మాటలాడించు ప్రయత్నము జరిగినది. ఎడింబరో చెంత క్రెయిగ్‌లాకార్ట్ ఆసుపత్రిలో మాత్రము డబ్ల్యు. హెచ్. ఆర్. రివర్స్ అను వైద్యుడు రోగిని కూర్చుండబెట్టి అతని మాట వినెను. మరచిపొమ్మని చెప్పుట కంటె, జ్ఞాపకమును మెల్లగా ఎదుర్కొనుమనుట మేలని అతడు భావించెను. ఈ రివర్స్ మన దక్షిణదేశమునకు క్రొత్తవాడు కాడు. యుద్ధమునకు పూర్వము నీలగిరులలో తోడ జాతివారి నడుమ ఉండి, వారి మాటలు విని, 1906లో వారిని గూర్చి గొప్ప గ్రంథము ప్రకటించిన పండితుడితడే. కొండజాతివారి మాటను ఓపికతో వినిన చెవియే సైనికుల మాటను కూడ వినినది.

అయితే ఆ ఆసుపత్రి అధికారుల కొరకు ఏర్పడినది. సామాన్య సిపాయికి అంత ఓపికయైన శ్రోత దొరకుట అరుదు. పారిపోయెననియు, పిరికితనము చూపెననియు బ్రిటిషు సైన్యము తన సైనికులను కాల్చి చంపినది. వారిలో మనోవ్యాధిగ్రస్తులును ఉండిరి. ఇట్లు చంపబడిన 306 మందికి బ్రిటిషు ప్రభుత్వము క్షమ ప్రకటించినది 2006లో. అనగా మాట పోయినవాని బాధను సమాజము అర్థము చేసికొనుటకు తొంబది యేండ్లు పట్టినదన్నమాట. యుద్ధస్మృతి వలన కలుగు మనోవ్యాధికి అమెరికా మనోవైద్యులు తమ రోగముల పట్టికలో స్థానమిచ్చుట కూడ 1980లో వియత్నాము యుద్ధము తరువాతనే జరిగినది.

ఇదంతయు విన్నవారు యుద్ధము వైద్యమునకు మేలుచేసినదని అనవచ్చును. ఈ మాటను కొంత సరిచూచుకొనవలెను. రక్తములో వర్గములున్నవని లాండ్‌స్టైనర్ కనిపెట్టినది శాంతికాలమున, 1901 నాటికే. ఎక్స్‌రే కిరణములు 1895 నాటివి. థామస్ బద్దను కల్పించిన హ్యూ ఒవెన్ థామస్ 1891లోనే మరణించెను. అతడు బ్రతికియుండగా వైద్యలోకము దానిని పెద్దగా పట్టించుకొనలేదు. యుద్ధము వచ్చినపుడు అతని మేనల్లుడు రాబర్ట్ జోన్స్ దానిని ప్రచారము చేసెను. కనుక విద్య పుట్టినది శాంతిలో. యుద్ధము తెచ్చినది అవసరము, ధనము, తొందర. ఈ మూడింటిని శాంతికాలమునందే సమకూర్చియున్నచో ఎందరో గనికార్మికులు, రైల్వే కూలీలు, ప్రసవవేదన పడిన తల్లులు బ్రతికియుందురు. యుద్ధమును గురువని పొగడుట కంటె, మనము శాంతియందు ఎందుకు మందబుద్ధులమైతిమని అడుగుకొనుట మంచిది.

సాంఘికముగ కలిగిన మార్పులను క్లుప్తముగ చెప్పుకొందము. మగవారు యుద్ధమునకు పోగా స్త్రీలు మందుగుండు కర్మాగారములలో, ట్రాము బండ్లలో, కార్యాలయములలో పనికి వచ్చిరి. బ్రిటనులో 1918లో 30 ఏండ్లు దాటిన స్త్రీలకు కొన్ని నిబంధనలతో ఓటు లభించినది. రష్యా, జర్మనీ, ఆస్ట్రియా, తురుష్క రాజవంశములు సింహాసనములు కోల్పోయినవి. వీరగాథలు పాడు కవులకు బదులు బురదను, ఎలుకలను, భయమును వర్ణించు కవులు వచ్చిరి. వారిలో విల్‌ఫ్రెడ్ ఓవెన్, క్రెయిగ్‌లాకార్టున చికిత్స పొందినవాడు, యుద్ధము ముగియుటకు సరిగా వారము ముందు, 25వ యేట మరణించెను.

జర్మన్ శిల్పి కేథె కొల్విట్జ్ కథ ఇక్కడ చెప్పదగినది. ఆమె చిన్నకొడుకు పీటర్ 18 ఏండ్లవాడు యుద్ధమునకు పోదుననగా తండ్రి వలదనెను. తల్లి భర్తను ఒప్పించి పంపినది. 1914 అక్టోబరులో ఆ బాలుడు బెల్జియమున మరణించెను. అతనికొక స్మారకము చెక్కవలెనని ఆమె పూనుకొని, చేయుచు, చెరపుచు, 1932లో గాని పూర్తిచేయలేదు. తుదకు నిలిచినది కొడుకు విగ్రహము కాదు. మోకాళ్లపై కూర్చున్న తండ్రి, తల్లి. కత్తి లేదు, కిరీటము లేదు, విజయదేవత లేదు. శత్రుదేశపు తల్లియైనను ఆ తల్లిని చూచి తన్ను గుర్తుపట్టగలదు.

మన దేశమునకు వత్తము. ఆ యుద్ధమున 10 లక్షలకు పైగా భారతీయులు సముద్రము దాటి ఫ్రాన్సు, మెసపొటేమియా, తూర్పు ఆఫ్రికా, గల్లిపోలి రంగములకు పోయిరి. సుమారు 74 వేలమంది తిరిగి రాలేదు. వారిలో మన మదరాసు రాజధానివారును ఉండిరి. తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము, రెండు ప్రపంచయుద్ధములకును తన బిడ్డలను పంపి, మిలిటరీ మాధవరమను పేరు గడించినది. యుద్ధము మన వాకిటికి కూడ ఒకసారి వచ్చినది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ మదరాసు రేవుపై గుండ్లు కురిపించి నూనె పీపాయిలను తగులబెట్టినది. ఆ నౌక పేరు తమిళమున జిత్తులమారికి బిరుదై నేటికిని వాడుకలో నున్నది.

గాయపడిన భారతీయులకు ఇంగ్లండున బ్రైటన్ పట్టణపు రాజప్రాసాదమునే ఆసుపత్రిగ మార్చి, మతాచారములకు భంగము రాకుండ వేరు వేరు వంటశాలలు, నీటి కుళాయిలు ఏర్పాటుచేసిరి. అక్కడ చనిపోయిన హిందువులను, సిక్కులను ఊరిపై కొండవాలున దహనముచేసిరి. మహమ్మదీయులను వోకింగ్ మసీదునకు చేరువ ఖననముచేసిరి. దహనముచేసిన తావున 1921లో తెల్లని చలువరాతి ఛత్రి యొకటి కట్టిరి. ఆ ఛత్రి మిగుల అందమైనది. కాని దానిపై దహనమైనవారి పేర్లు లేవు. ఆ 53 మంది పేర్లు ప్రక్కనే ఒక శిలపై చెక్కినది 2010లో.

ఫ్రాన్సున నవ్ షాపెల్ వద్ద 1927లో వెలసిన స్మారకముపై 4,700కు పైగా భారతీయుల పేర్లున్నవి. ఢిల్లీలో 1931లో ఆవిష్కృతమైన ఇండియా గేటుపై 13 వేలకు పైగా పేర్లున్నవి. కాని మెసపొటేమియాలో పడిన భారతీయ సిపాయిల సంగతి వేరు. బస్రా స్మారకమున బ్రిటిషు సైనికులకు పేర్లు చెక్కిరి. భారతీయులలో అధికారులకు చెక్కిరి. సామాన్య సిపాయిలను పటాలములవారీగ అంకెలలో చూపి ఊరకుండిరి. అందరికి ఒకే రాయి అను కెన్యన్ సూత్రము బస్రా చేరునప్పటికి చిక్కిపోయినది. ఆ సంఘము వారసులే 2021లో విచారణ జరిపించి, 45 వేల నుండి 54 వేలమంది ఆసియా, ఆఫ్రికా సైనికులకు సమానమైన స్మరణ జరుగలేదనియు, కనీసము 1 లక్ష 16 వేలమంది, బహుశః 3 లక్షల 50 వేలమంది వరకు, పేరు లేకయో అసలు స్మరణయే లేకయో మిగిలిపోయిరనియు ఒప్పుకొని క్షమాపణ చెప్పిరి.

అయినను వారి గొంతుకలు కొన్ని చిత్రముగ మిగిలినవి. సిపాయిలు ఇండ్లకు వ్రాసిన జాబులను సైన్యము విప్పి చదివి, అనువదించి దాచినది. అనుమానముతో దాచిన ఆ కాగితములే నేడు చరిత్రకారులకు నిధి. బెర్లిన్ చెంత వూన్స్‌డార్ఫ్ శిబిరమున బందీలైన భారతీయుల భాషలను పరిశీలింపగోరి జర్మన్ పండితులు వారి మాటలను, పాటలను గ్రామఫోను పలకలపై ఎక్కించిరి. 1916లో మల్ సింగ్ అను పంజాబు సైనికుడు ఆ యంత్రము ముందు నిలిచి, తన ఊరి వెన్నను, ఇంటికి పోవలెనను ఆశను చెప్పుకొనెను. ఆ పలక నేటికిని ఉన్నది, వినవచ్చును. కథలోను ఆ సిపాయి కొంత మిగిలెను. చంద్రధర శర్మ గులేరీ 1915లోనే హిందీలో ఫ్రాన్సు కందకముల కథ వ్రాసెను. ముల్క్ రాజ్ ఆనంద్ ఆంగ్లమున ఒక పంజాబు రైతుబిడ్డను అదే రంగమునకు నడిపించెను.

తుదకు, ఎవరును గోడ కట్టనివారిని గూర్చి చెప్పవలసియున్నది. 1918 జూనులో బొంబాయి రేవున ఇన్‌ఫ్లుయెంజా జ్వరము అడుగుపెట్టినది. యుద్ధపు ఓడలు, సైనికుల రైళ్లు, క్రిక్కిరిసిన శిబిరములు దానిని లోకమంతట మోసికొనిపోయినవి. ఆ యేడు వానలు లేవు, ధాన్యము ప్రియము, జనులు బలహీనులు. సెప్టెంబరు, అక్టోబరు మాసములలో మన దేశమున చచ్చినవారికి లెక్క లేదు. మొత్తము 1 కోటి 20 లక్షల నుండి 2 కోట్ల వరకు అంచనాలు కలవు. అనగా మహాసంగ్రామమున అన్ని దేశముల సైనికులు కలిసి ఎందరు మరణించిరో, అంతకు మించిన సంఖ్య ఒక్క భారతదేశమున. హిందీ కవి నిరాలా ఆ జ్వరమునకే భార్యను కోల్పోయెను. 1911 నుండి 1921 వరకు గల దశాబ్దమున మన జనసంఖ్య పెరుగుటకు మారుగా తగ్గినది. ఆ తరువాత ఏ జనగణన యందును అట్లు జరుగలేదు.

ఆ జ్వరమునకు కారణమైన క్రిమి 1933లో గాని వైద్యులకు చిక్కలేదు. చనిపోయినవారిలో పెక్కుర మరణములు గ్రామముల లెక్కలలో జ్వరము అను ఒక్క మాట క్రింద పడిపోయినవి. వారు కందకమున చావలేదు, చాపపై చచ్చిరి. ఎవరి ఆజ్ఞకును బద్ధులై పోలేదు. వారి చావులో కీర్తి లేదు గనుక స్మారకము లేదు, స్మారకము లేదు గనుక జ్ఞాపకము లేదు. 2020లో కోవిడ్ వచ్చి ఊళ్లు తలుపులు వేసికొన్నపుడు గాని లోకము 1918ని మరల వెదకి చదువలేదు. ఎవరిని మరచితిమో వారు పోయిన త్రోవను కూడ మరచితిమి. గుంపులు కూడరాదు, ముక్కుకు గుడ్డ కట్టుకొనవలెను, గాలి వెలుతురు రావలెను అను పాఠములు నూరేండ్ల క్రిందటివే. వానిని మొదటినుండి నేర్వవలసి వచ్చినది.

ఆ యుద్ధమున పనిచేసినవారిలో చివరివారు 2012లో కన్నుమూసిరి. ఇక ఆ యుద్ధమును చూచి చెప్పువారు లేరు. కనుక స్మృతి తనంత తాను నిలుచునది కాదు, కష్టపడి నిలుపుకొనవలసినది అను సత్యము ఇప్పుడు స్పష్టమగుచున్నది. ఒక మనిషి గోతుల చెంత నిలిచి పేర్లు వ్రాసికొన్నందున లక్షల పేర్లు మిగిలినవి. బస్రాలో వ్రాసికొనవలసినవారు ఊరకున్నందున వేల పేర్లు రాతికెక్కలేదు. మన పల్లెలలో వ్రాయువారే లేనందున కోటి పేర్లు గాలిలో కలిసినవి.

మన పెద్దలు తర్పణము విడుచునపుడు తమవారికి విడిచిన తరువాత, నీరు విడుచు దిక్కులేనివారికని మరియొక దోసిలి విడుచు ఆచారము కలదు. మన తాలూకా కచ్చేరీల పాత దస్తరములలో, జనన మరణముల పుస్తకములలో, ఇండ్లలోని పెట్టెలలో, ముదుసలుల నోళ్లలో ఆ కాలపు ముక్కలు ఇంకను కొన్ని ఉండవచ్చును. ముత్తాత యుద్ధమునకు పోయెనని, ముత్తవ్వ ఆ యేటి జ్వరములో పోయెనని వినియున్నవారు ఆ పేరును, ఊరును, సంవత్సరమును ఒక కాగితముపై వ్రాసియుంచినచో, అదియే ఆ రెండవ దోసిలి యగును.